కాలుష్యం పాఠం ఏ మాటల్లో వచ్చింది?

డిగ్రీ చదివే ప్రతి విద్యార్థీ పర్యావరణ అధ్యయనం అనే పేపరు ఒకటి రాయాలి. మీది చరిత్ర అయినా, కామర్స్ అయినా, సైన్సు అయినా ఈ పేపరు తప్పదు. చాలామంది దీన్ని 'పాస్ అయితే చాలు' అనుకునే పేపర్ల జాబితాలో వేసుకుంటారు. అయితే ఈ పేపరు ఎక్కడి నుంచి వచ్చింది? విశ్వవిద్యాలయాలు తమంతట తాము కోరుకుని పెట్టినది కాదు. ఒక న్యాయవాది వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం వల్ల వచ్చింది. మీ ఇంట్లో మూడో తరగతి చదివే పిల్లవాడి పుస్తకంలో 'కాలుష్యం' అన్న మాట కనిపిస్తే, దాని వెనుక కూడా ఇదే చరిత్ర ఉంది.

ఈ భాగంలో ఆ చరిత్రను పరిశీలిద్దాం. అయితే చట్టాలు, తేదీలు మాత్రమే చూసి ఊరుకోం. పిల్లలకు కాలుష్యం గురించి చెప్పాలని నిర్ణయించినవారు, ఏ మాటల్లో చెప్పాలన్న సంగతి ఎంతవరకు ఆలోచించారు? పాఠంలోని మాటకూ, పిల్లవాడు రోజూ చూసే మురుగుకూ సంబంధం కుదిరిందా? పెబ్బేరులోనో, గద్వాలలోనో, అచ్చంపేటలోనో కూర్చుని ఈ పుస్తకం చదువుతున్న మీకు ఈ ప్రశ్న దూరమైనది కాదు.

పరిశుభ్రత పాఠం నుంచి కాలుష్యం పాఠం దాకా

కాలుష్యం అన్న పాఠం రాకముందు బడి పుస్తకాల్లో పరిశుభ్రత పాఠం ఉండేది. గోళ్లు కత్తిరించుకోవాలి, పళ్లు తోముకోవాలి, ఇంటి ముందు నీళ్లు నిలవకుండా చూడాలి అని అది చెప్పేది. ఇవి మంచి మాటలే. కానీ ఆ పాఠంలో తప్పు ఎప్పుడూ పిల్లవాడిదో, వాడి తల్లిదో అయ్యేది. ఊరి వాగులోకి విషం వదిలేవాడు ఆ పాఠంలో ఎక్కడా కనిపించడు. అప్పటికి అలాంటివాళ్లు తక్కువ కాబట్టి కనిపించలేదని కొంతవరకు అనుకోవచ్చు. తరువాత ఫ్యాక్టరీలు వచ్చాయి, పురుగుమందులు వచ్చాయి, లారీలు వచ్చాయి. తప్పు ఎవరిదన్న ప్రశ్న మారింది. పాఠం మాత్రం అంత త్వరగా మారలేదు.

మీ ప్రాంతం విషయంలో ఇంకో మెలిక ఉంది. 1948 వరకు పెబ్బేరు, వనపర్తి, గద్వాల ప్రాంతాలు నిజాం పాలనలోని హైదరాబాద్ రాజ్యంలో, సంస్థానాల నీడలో ఉండేవి. పై చదువులు ఉర్దూలో సాగేవి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే బోధించింది. ఆ చదువు పోయినా దాని మాటలు మన నోళ్లలో మిగిలాయి. 'గలీజు', 'ఖరాబు', 'సాఫు', 'సఫాయి' అన్నవి పాలమూరు పల్లెల్లో అక్షరం రాని అవ్వ కూడా వాడే మాటలు. నీళ్లు ఖరాబైనయి అంటే అర్థం కాని పిల్లవాడు ఇక్కడ ఉండడు. జల కాలుష్యం అంటే మాత్రం మాస్టారు విడమరచి చెప్పాలి.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయి తెలుగు పుస్తకాలకూ, పారిభాషిక పదాలకూ పూనుకుంది. తెలుగు మాధ్యమంలో మీరు ఈనాడు డిగ్రీ చదవగలుగుతున్నారంటే ఆ శ్రమకు చాలా పాత్ర ఉంది. పర్యావరణం, జీవావరణం, కాలుష్యం, కాలుష్య కారకం వంటి సంస్కృత పదాలు ఇలాంటి పుస్తకాల ద్వారానే స్థిరపడ్డాయి. ఇవి చెడ్డ మాటలని చెప్పడం లేదు. 'కలుష' అంటే సంస్కృతంలో మొదటి అర్థం బురద కలిసిన నీరు. తరువాత పాపం అన్న అర్థం కూడా చేరింది. అంటే ఈ మాట పుట్టింది నీళ్ల దగ్గరే. కానీ ఆ సంగతి చెప్పకుండా నిర్వచనం మాత్రం బట్టీ పట్టిస్తే, పిల్లవాడికి అది నీళ్లతో సంబంధం లేని పరీక్ష మాట అయిపోతుంది.

స్టాక్‌హోం, టిబిలిసి, ఢిల్లీ

1972 జూన్‌లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో మానవ పర్యావరణంపై ఐక్యరాజ్యసమితి సమావేశం జరిగింది. భారత ప్రధాని ఇందిరాగాంధీ అక్కడ ప్రసంగించారు. ఆ సమావేశం చేసిన ప్రకటనలో 19వ సూత్రం చిన్నవారికీ పెద్దవారికీ పర్యావరణ విషయాలు బోధించాలని చెప్పింది. 1975లో యునెస్కో, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి అంతర్జాతీయ పర్యావరణ విద్యా కార్యక్రమాన్ని ప్రారంభించాయి. 1977 అక్టోబరులో జార్జియాలోని టిబిలిసిలో జరిగిన సమావేశం దీనికి పూర్తి రూపం ఇచ్చింది. పర్యావరణ విద్య ఒక సబ్జెక్టుగా విడిగా ఉండటం కన్నా అన్ని సబ్జెక్టుల్లోనూ కలిసి ఉండాలని, పిల్లలు ఉండే చోటి సమస్యల నుంచే మొదలు కావాలని అక్కడ అనుకున్నారు. ఈ రెండో మాటను గుర్తుంచుకోండి. తరువాతి కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మన దేశంలో 1975 నాటి ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్య ప్రణాళిక ప్రాథమిక తరగతులకు పరిసరాల అధ్యయనాన్ని సూచించింది. 1976లో చేసిన 42వ రాజ్యాంగ సవరణ 48ఎ అధికరణాన్ని, 51ఎ(జి) కింద పౌరుని ప్రాథమిక విధిని చేర్చింది. అదే సవరణ విద్యను రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మార్చింది. 1984 డిసెంబరులో భోపాల్ విషవాయు దుర్ఘటన జరిగింది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, అదే సంవత్సరం జాతీయ విద్యా విధానం వచ్చాయి. పర్యావరణ స్పృహ అన్ని వయసుల వారికీ కలగాలని ఆ విధానం రాసుకుంది. రాసుకున్నంత మాత్రాన బడిలో ఏమీ మారదని మీకు తెలుసు.

ఒక తీర్పు, రెండు స్లైడ్లు

1991 నవంబరు 22న సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో ఆదేశం ఇచ్చింది. ఆ ఆదేశంలో ఆసక్తి కలిగించే వివరాలు చాలా ఉన్నాయి. ప్రతి సినిమా హాలు ప్రతి ఆటలోనూ పర్యావరణంపై కనీసం రెండు స్లైడ్లు ఉచితంగా చూపించాలి. చూపించకపోతే లైసెన్సు రద్దు చేయవచ్చు. రేడియో, దూరదర్శన్ ఈ విషయంపై కార్యక్రమాలు ఇవ్వాలి. పాఠశాలల్లోనూ, కళాశాలల్లోనూ పర్యావరణాన్ని తప్పనిసరి విషయంగా, తరగతిని బట్టి క్రమంగా బోధించాలి. ఇది 1992–93 విద్యా సంవత్సరం నుంచి జరగాలని కోర్టు ఆశించింది.

ఆ కాలం గుర్తు చేసుకుంటే ఇది ఎంత తెలివైన ఆదేశమో అర్థమవుతుంది. బడికి రానివాళ్లు కూడా సినిమాకు వస్తారు. చదువు రానివాడికి బొమ్మ చాలు. కోర్టు వరకు వచ్చేసరికి ఇది బోధన సమస్యగా మాత్రమే కాక, సమాచారం జనానికి చేరే దారుల సమస్యగా కనిపించింది. నా దృష్టిలో ఈ తీర్పులో అన్నిటికన్నా విలువైనది ఈ చూపే. బడికి సంబంధించిన భాగం మాత్రం నత్తనడక నడిచింది. పదేళ్లు గడిచినా చాలా రాష్ట్రాలు ఆదేశాన్ని అమలు చేయలేదని మెహతా మళ్లీ కోర్టు తలుపు తట్టారు. 2003 డిసెంబరు 18న కోర్టు రాష్ట్రాలను గట్టిగా అడిగి, ఒకటి నుంచి పన్నెండో తరగతి వరకు నమూనా పాఠ్యప్రణాళిక తయారు చేయమని ఎన్‌సీఈఆర్‌టీని ఆదేశించింది. 2004 జూలై 13న ఆ ప్రణాళికను ఆమోదించింది. డిగ్రీ విద్యార్థుల కోసం యూజీసీ ఆరు నెలల పాఠ్యక్రమాన్ని రూపొందించింది. మొదట్లో చెప్పిన మీ పేపరు ఇదే.

ఇంతలో 2001–02లో కేంద్ర పర్యావరణ శాఖ జాతీయ హరిత దళం పేరుతో బడుల్లో ఎకో క్లబ్బులు మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో అవి మొక్కలు నాటడం, మట్టి వినాయకులు చేయించడం వంటి పనులు చేశాయి. మట్టి వినాయకుడి విషయంలో పిల్లలే ఇంట్లో పెద్దలను ఒప్పించిన ఇళ్లు మీ వీధిలోనూ ఉండవచ్చు. అయినా ఒక చిక్కు ఉంది. మొక్క నాటడం, ప్లాస్టిక్ సంచి మానడం, టపాసులు తగ్గించడం... ఇవన్నీ పిల్లవాడు చేయగలిగినవి. కాబట్టి పాఠం మళ్లీ పాత పరిశుభ్రత పాఠం దారిలోకే జారిపోయింది. పిల్లవాడు మారాలని చెప్పింది గానీ, కాలుష్యం ఎక్కడ పుడుతోందో వాడిని అడగనివ్వలేదు.

పటాన్‌చెరు: పాఠానికి పక్కనే ఉన్న పాఠం

ఈ చిక్కును చూడాలంటే పటాన్‌చెరు వెళ్లాలి. మెదక్ జిల్లాలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, 1970ల నుంచి పారిశ్రామికవాడలు పెరిగాయి. రసాయన, మందుల పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో కలిశాయి. ఆ వాగు మంజీరలో కలుస్తుంది. చుట్టుపక్కల పొలాలు, బావులు చెడిపోయాయి. డాక్టర్ అల్లాని కిషన్ రావు వంటివారు రోగులను చూస్తూనే ఈ నీటి సంగతి బయటికి చెప్పారు. 1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. తరువాత హైకోర్టుకు, ఆ తరువాత హరిత ట్రిబ్యునల్‌కు సాగింది. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి శుద్ధి కేంద్రం నుంచి వదిలే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని ప్రకటించారు. మందుబిళ్లలో ఉండాల్సినది వాగులో ఉందన్నమాట.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1990లో పటాన్‌చెరు నీళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1991లో అదే కోర్టు పిల్లలకు కాలుష్యం బోధించమంది. ఒకే న్యాయస్థానం, దాదాపు ఒకే సమయం. కానీ ఈ రెండు కథలూ తరగతి గదిలో కలిసిన సందర్భాలు తక్కువ. పాఠంలో కాలుష్యానికి ఊరు పేరు ఉండదు. పేరు ఉంటే పిల్లవాడు మాస్టారిని అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది.

మంచి ప్రయత్నాలు లేకపోలేదు. 2011 నాటి రాష్ట్ర విద్యా ప్రణాళికా చట్రం తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుస్తకాలు మారాయి. ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో కాలుష్యం పాఠానికి 'పీల్చలేము–తాగలేము' అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. రెండు క్రియలతో పాఠమంతా చెప్పేసిన పేరు అది. గాలి, నీళ్లు అన్న మాటలు కూడా అక్కర్లేకుండా విషయం తెలిసిపోతుంది. తెలుగులో పిల్లలకు ఇలా చెప్పవచ్చని ఆ పేరు రుజువు చేసింది.

స్పానిష్‌లో అదే సమస్య

ఈ చిక్కు మనదొక్కటేనా? స్పానిష్ మాట్లాడే దేశాల వైపు ఒకసారి చూద్దాం. అమెరికా ఖండాల్లోనూ, స్పెయిన్‌లోనూ కలిపి దాదాపు ఇరవై దేశాల్లో బడి పాఠాలు ఈ భాషలో నడుస్తాయి. అక్కడ పర్యావరణాన్ని 'మెదియో అంబియెంతె' అంటారు. కాలుష్యాన్ని 'కొంతామినాసియోన్' అంటారు. ఈ రెండో మాటకు మూలమైన లాటిన్ పదానికి 'తాకడం' అన్న అర్థంతో చుట్టరికం ఉంది. అంటుకోవడం వల్ల చెడిపోవడం అన్నమాట.

'అంటు' అనగానే మనకు వేరే చరిత్ర గుర్తుకు రావాలి. తెలుగులో మైల, అంటు అన్న మాటలు నీటి రసాయనాల గురించి పుట్టినవి కావు. ఎవరు ఏ బావిని ముట్టకూడదో చెప్పడానికి వాడినవి. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అయినా ఈ మాటల నీడ పూర్తిగా పోలేదు. మురుగు ఎత్తే పని నేటికీ ఏ వాడల వారి మీద పడుతోందో మీరు చూస్తూనే ఉన్నారు. కాబట్టి మన తరగతి గదిలో నీరు కలుషితమైందని చెప్పే ఉపాధ్యాయుడు ఒక తేడా స్పష్టం చేయాలి. నీటిని చెడగొట్టేది మనిషి స్పర్శ కాదు, అందులో కలిసిన పదార్థం. ఈ ఒక్క వాక్యం సైన్సు పాఠంలోనూ, సాంఘిక శాస్త్రం పాఠంలోనూ ఉండదగినది.

మళ్లీ స్పానిష్ దగ్గరికి వద్దాం. స్పెయిన్ 1990 అక్టోబరు 3 నాటి విద్యా చట్టం ద్వారా పర్యావరణ విద్యను అన్ని సబ్జెక్టుల గుండా సాగే అంశంగా పెట్టింది. విడి పీరియడ్ లేదు, విడి మార్కులు లేవు. టిబిలిసి కోరింది ఇదే. అయితే అందరి బాధ్యత అయినది ఎవరి బాధ్యతా కాకుండా పోయే ప్రమాదం అందులో ఉంది. మన దేశంలో 2005 జాతీయ పాఠ్య ప్రణాళికా చట్రం తయారైనప్పుడు ఈ చర్చే జరిగింది. మాధవ్ గాడ్గిల్ అధ్యక్షతన ఉన్న బృందం పర్యావరణాన్ని ఇతర పాఠాల్లో కలపాలని, పిల్లలు తమ ఊరి చెట్లు, నీళ్లు, నేల వివరాలు సేకరించాలని కోరింది. కోర్టు తప్పనిసరి సబ్జెక్టు అంది, విద్యావేత్తలు కలిపి చెప్పాలన్నారు. ఈ రెండింటి మధ్య చాలా బడుల్లో మిగిలింది ప్రాజెక్టు వర్కు ఫైలు.

కొలంబియా 1994లో 1743 నంబరు డిక్రీ ద్వారా మరో దారి పట్టింది. ప్రతి విద్యాసంస్థా తన ప్రాంతపు పర్యావరణ సమస్యలను గుర్తించి, దాన్ని బట్టి తన సొంత పర్యావరణ ప్రాజెక్టును రూపొందించుకోవాలి. పుస్తకం రాజధాని నుంచి రావచ్చు గానీ సమస్య మాత్రం ఊరిదే కావాలన్నది దాని సారం.

పెరూలోని లా ఒరోయాను కూడా చూడాలి. ఆండీస్ పర్వతాల్లోని ఆ పట్టణంలో 1922 నుంచి లోహాలను కరిగించే పెద్ద ఫ్యాక్టరీ ఉంది. దాని పొగలో సీసం ఉండేది, అది పిల్లల రక్తంలోకి చేరింది. స్పానిష్‌లో సీసాన్ని 'ప్లోమో' అంటారు. అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం 2023లో 80 మంది స్థానికుల పక్షాన తీర్పు ఇస్తూ పెరూ ప్రభుత్వాన్ని బాధ్యురాలిగా తేల్చింది. ఆరోగ్య హక్కుతో పాటు పిల్లల హక్కులను, సమాచారం పొందే హక్కును కూడా ప్రస్తావించింది. ఇక్కడ భాష సంగతి మరింత లోతైనది. ఆండీస్ పల్లెల్లో చాలామందికి ఇంటి భాష స్పానిష్ కాదు, కెచువా. 1972లో పెరూ ద్విభాషా విద్యా విధానాన్ని ప్రకటించింది. 1975లో కెచువాను అధికార భాషగా గుర్తించింది. అయినా బడిలో, కార్యాలయంలో స్పానిష్‌దే పైచేయిగా సాగింది. అంటే బయటి నుంచి చూస్తే స్పానిష్ ప్రజల భాష. కెచువా పిల్లవాడి వైపు నుంచి చూస్తే అది కూడా పైనుంచి వచ్చిన భాషే.

మన దగ్గర దీనికి సమానమైన పరిస్థితి నల్లమలలో ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ అడవుల్లోని చెంచులకు, తండాల్లోని లంబాడీ పిల్లలకు పుస్తకపు తెలుగు ఇంటి మాట కాదు. 2019లో యురేనియం అన్వేషణ వార్త ఆ అడవికి చేరినప్పుడు, అణుధార్మికత అన్న మాటను వాళ్లకు ఏ పాఠమూ ముందుగా నేర్పలేదు. అడవిలో బోర్లు వేస్తారు, నీళ్లు పాడైతయి, మనల్ని లేపేస్తరు అన్న మాటల్లోనే విషయం పాకింది. ఆందోళనలు పెరిగాయి. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. 2025 జూన్‌లో గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీపై రైతులు తిరగబడినప్పుడూ వారు పాఠ్యపుస్తకం నుంచి మాట్లాడలేదు. నీళ్లు, పంట, పశువుల గురించి మాట్లాడారు. ఆ ఊళ్ల పిల్లలు ఈ మాటలు విన్నారు. మరునాడు బడిలో కాలుష్యం పాఠం తెరిస్తే, రాత్రి ఇంట్లో విన్నదీ ఇదీ ఒకటేనని వాళ్లకు చెప్పేవారు కావాలి.

అభ్యాసం

మీరు పెబ్బేరు చుట్టుపక్కల ఉంటే ఈ పని చేయండి. వేరే ఊళ్లో ఉంటే మీ ఊరికి తగినట్లు మార్చుకోండి. 44వ నంబరు జాతీయ రహదారి పక్కన దుకాణం నడిపేవారిని, వారపు సంతకు పశువులు తెచ్చేవారిని, జూరాల కాలువ కింద వరి వేసే రైతును, చెరువులో చేపలు పట్టేవారిని కలవండి. ఒక్కొక్కరిని ఒకే ప్రశ్న అడగండి: గాలి గానీ నీళ్లు గానీ పాడైందని మీకు ఎట్ల తెలుస్తది? వారు వాడిన మాటలను వారు అన్నట్లే రాసుకోండి, దిద్దకండి. తరువాత ఎనిమిదో తరగతి చదివే పిల్లవాడి పుస్తకం తీసుకుని, ఆ మాటలకు ఎదురుగా పుస్తకంలోని పదాలు రాయండి. ఏ మాటకు జత దొరకలేదో గుర్తు పెట్టండి. జత దొరకని మాటలను మీ అధ్యయన కేంద్రంలో తరువాతి సంప్రదింపుల తరగతికి తీసుకురండి.